ఏ గ్రేడు మౌనం

పరాంకుశరావు గారు ఆ విదేశం వెళ్లకపోయినా బాగుండేది. వెళ్లినవాడు ఆ కచేరీకి పోకపోయినా బాగుండేది. పోయాడు, అందులోనూ ముందు వరసలో కూర్చున్నాడు.

ఆయన రాష్ట్ర నాదాభివృద్ధి మండలికి సభ్య కార్యదర్శి. అంతకు ముందు చేపల పెంపకం శాఖలోనూ, దానికి ముందు తూనికలు కొలతల శాఖలోనూ పనిచేసి వచ్చాడు గనక సంగీతం విషయంలో ఆయనకు ఎలాంటి పక్షపాతమూ లేదు. సాంస్కృతిక మార్పిడి పేరుతో ఏదో చలిదేశానికి పంపితే అక్కడొక కొత్తరకం కచేరీకి తీసుకెళ్లారు. నల్లకోట్ల వాద్యకారులు వేదిక నిండా వచ్చి కూర్చుని, వాద్యాలు పైకెత్తి, చాలాసేపు అలాగే ఉండి, మళ్లీ కిందికి దించి, దండం పెట్టి వెళ్లిపోయారు. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. తాను ఏడవకపోతే దేశం పరువు పోతుందని ఈయనా రుమాలు తీశాడు. తిరుగు ప్రయాణంలో విమానం ఆలస్యమైంది. ఆలోచించుకోవడానికి బోలెడంత తీరిక దొరికింది. అదే కొంప ముంచింది.

వచ్చిన వారానికే ఉత్తర్వు వెలువడింది. "ప్రపంచ దేశములందు సంగీతము శబ్దమును దాటి ముందుకు సాగుచుండగా, మన రాష్ట్రము మాత్రము ఇంకను శబ్దముతోనే కాలక్షేపము చేయుచుండుట మిక్కిలి విచారకరము. కావున ఇకపై మండలి గుర్తింపు పొందగోరు విద్వాంసులెల్లరును తమ తమ వాద్యములందు మౌన ప్రావీణ్యమును నిరూపించుకొనవలెను." కింద సంతకం, దాని కింద గుండ్రటి ముద్ర.

ఆ నాటికి షేక్ పీరా సాహెబు మండలివారి సంగీత కళాశాలలో సన్నాయి మాస్టారు. పోస్టు తాత్కాలికం. చేరినప్పట్నుంచీ తాత్కాలికమే. జుట్టు పండింది గానీ పోస్టు పండలేదు. పల్నాడు వైపు మనిషి. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో నమాజూ ఉంది, రామ కీర్తనా ఉంది, దేని వేళ దానిదే. తెల్లవారుజామున రెల్లు పీక తడిపి సన్నాయి మొనకు తగిలించి ఆయన భూపాల రాగం ఎత్తుకుంటే, పాలు పోసేవాడు సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. 

మౌనమంటే ఆయనకు గిట్టదని కాదు. ఆలాపనలో పై షడ్జం దాకా ఎక్కి, అక్కడ నిలబెట్టి నిలబెట్టి, చటుక్కున పెదవి తీసేవాడు. ఆ రవ్వంత ఖాళీలో వంటవాళ్లు కూడా గరిటె ఆపేవాళ్లు. ఆ ఖాళీ కోసమే అంతసేపు ఊపిరి ఖర్చు పెట్టానని ఆయనే చెప్పుకునేవాడు. అయితే సన్నాయి మహా మొండి వాద్యం. ఏడాదిపాటు మూలన పెట్టి, బుద్ధి పుట్టినప్పుడు తీస్తే పలికే రకం కాదు. రోజూ పెదాలు దానిమీద ఉండాలి. లేకపోతే పెదాలు మెత్తబడతాయి, గాలి పక్కలనుంచి జారిపోతుంది, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నేర్చిన విద్య చెప్పకుండా వెళ్లిపోతుంది. ఈ సంగతి పీరా సాహెబుకు తెలుసు. ఆయన భార్య ఖాసింబీకి ఇంకా బాగా తెలుసు. ఆమె తండ్రికి టైఫాయిడు వచ్చి ఒక కాలమంతా మంచం మీద ఉంటే, లేచాక సన్నాయి ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆయన మళ్లీ ఊదనే లేదు.

గ్రేడుల పరీక్ష మొదలైంది. పరీక్షకులు తెర వెనక కూర్చోవడం మన ఆనవాయితీ. పాడేదెవరో కనపడకూడదు, వినపడాలి, అప్పుడే న్యాయం. మౌనానికీ అదే పద్ధతి పాటించారు. తెర ఇవతల విద్వాంసుడు మౌనం వహిస్తాడు, తెర అవతల పరీక్షకులు మార్కులు వేస్తారు. వాళ్లకు పెద్ద డాక్టర్ హేమాంబ గారు, సంగీత శాస్త్రంలో పుస్తకాలు రాసిన మనిషి. మొదటి రోజే ఒక వయొలిన్ విద్వాంసుడి మౌనం విని ఆవిడ చలించిపోయింది. ఇంత నిండైన, ఇంత నిర్లిప్తమైన మౌనం తాను వినలేదని రాసి బి హై గ్రేడు ఇచ్చింది. తీరా చూస్తే ఆయన ఎక్కిన బస్సు చిలకలూరిపేట దగ్గర టైరు పేలి ఆగిపోయింది, ఆయన అసలు రానే లేదు. మండలి కంగారు పడలేదు. రాకుండానే అంత సాధించిన మనిషి వస్తే ఇంకెంత సాధిస్తాడోనని ఆయన్ని మళ్లీ పిలిచారు. వచ్చాడు, పాపం. కడుపులో గుర్రుమంది. గ్రేడు ఒక మెట్టు తగ్గింది.

తర్వాత వీణవాళ్లకూ సన్నాయివాళ్లకూ పేచీ వచ్చింది. హేమాంబ గారు ఒక సూత్రం కనిపెట్టింది. ఏ వాద్యం ఎంత పెద్ద చప్పుడు చేయగలదో, అది ఊరుకున్నప్పుడు మౌనం అంత పెద్దదవుతుంది. వీణ అసలే మెల్లగా పలుకుతుంది, అది మాట్లాడకపోతే వచ్చిన లోటేమిటి? సన్నాయి ఊరంతా వినిపిస్తుంది, కాబట్టి దాని మౌనం ఊరంత. వీణవాళ్లు మండిపడ్డారు, మా మౌనం సున్నితమైందీ మీ మౌనం మోటుదీ అన్నారు, వినతిపత్రం ఇచ్చారు. అది బుట్టలోకి పోయింది. మొత్తానికి రాష్ట్రంలో మౌనం విషయంలో పెద్దపీట సన్నాయికి పడింది. పీరా సాహెబు సన్నాయి పెదాల దగ్గర పెట్టుకుని, బుగ్గలు కూడా పూరించకుండా, కళ్లు మూసుకుని కూర్చుంటే తెర వెనక నుంచి ముక్కు చీదుకున్న శబ్దం వచ్చింది. ఏ గ్రేడు.

నిజం చెప్పొద్దూ, మొదటిరోజు ఆయన ఇంటికి నవ్వుకుంటూనే వచ్చాడు. డోలు వాయించే బావమరిది సైదాతో కలిసి అన్నం తింటూ ఆ తెర కథంతా చెప్పి పొరమారేదాకా నవ్వాడు. వీళ్లకేదో పిచ్చి పట్టింది, నాలుగు రోజులు ఆడించి మనం పర్మనెంటు చేయించుకుందాం అనుకున్నారు బావా బావమరుదులిద్దరూ. 

కానీ కచేరీలు మొదలయ్యాయి. పెద్ద హాలు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. మైకులు కూడా పెట్టారు, మౌనం వెనక వరసకు అందాలని. మైకు సరిచూస్తూ హలో హలో అన్న పాపానికి మైకు కుర్రాణ్ణి శాశ్వతంగా తప్పించారు. పీరా సాహెబు జరీ పంచె కట్టుకుని వేదిక మధ్య కూర్చుని సన్నాయి ఎత్తేవాడు. రసికులు తొడమీద తాళం వేసేవాళ్లు. ఒకాయన ఆదితాళమంటే, పక్కాయన కాదు మిశ్రచాపని తగాదా పడేవాడు. ఇవాళ్టి మౌనంలో బేగడ రాగం ఛాయ తగిలిందని ఒకరూ, కిందటి నెల బందరులో చేసిన మౌనమే మళ్లీ ఇక్కడ దించాడని ఇంకొకరూ పత్రికలకు రాసేవాళ్లు. సైదాకు కూడా తని ఆవర్తనం ఇచ్చారు. అంటే మిగతావాళ్లు ఆపేసి డోలు ఒక్కటే సాగే ఘట్టం. ఇక్కడ అందరూ ఆపేసే ఉన్నారు గనక సైదా కూడా ఆపేసి కూర్చునేవాడు. మామూలు కచేరీల్లో లాగే అప్పుడు జనం లేచి కాఫీకి వెళ్లేవాళ్లు.

అక్కడే పీరా సాహెబు మనసు గోతిలో పడింది. ఊరికే నవ్విపోకండి, ఆయన స్థానంలో ఉండి చూడండి. ముప్పై ఏళ్లుగా పెళ్లిపందిట్లో గుమ్మం పక్కన, విడిచిన చెప్పుల వరసలో కూర్చుని ఊదిన మనిషి. ప్రాణం పెట్టి తోడి రాగం ఎత్తుకుంటే పక్కనే బంగారం ధర మాట్లాడుకునేవాళ్లు. ఒకాయనైతే ఫోను వినపడటం లేదని కాసేపు ఆపమన్నాడు. అలాంటిది ఇప్పుడు హాలు నిండా జనం, కళ్లన్నీ ఆయన మీద, దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు. ఊదినన్నాళ్లూ ఎవరూ వినలేదు. ఊదడం మానేశాక అందరూ వింటున్నారు. ఏ మనిషికైనా తల తిరుగుతుంది, ఆయనకూ తిరిగింది.

ఇంతలో హేమాంబ గారు ఇంకో పరిశోధన చేసింది. పొద్దున సాధకం చేసి సాయంత్రం మౌనం వహించే విద్వాంసుడిలో శబ్దశేషం మిగులుతోందట. గిన్నె కడిగినా ఉల్లిపాయ వాసన పోనట్టు. దాంతో ఇంకో ఉత్తర్వు: ఏ గ్రేడు మౌన విద్వాంసులు ఇంటివద్ద సైతము శబ్దోత్పత్తి చేయరాదు. తెల్లవారుజామున తనిఖీ బృందం వీధుల్లోకి వచ్చి గోడలకు చెవులు ఆనించేది. ఒక ఘటం విద్వాంసుడి ఇంట్లో చప్పుడు వినిపిస్తే తలుపులు బాదారు. ఆయన భార్య ఇడ్లీపిండి రుబ్బుతోంది. అయినా హెచ్చరిక పత్రం ఇచ్చే వెళ్లారు, రుబ్బింది రూపక తాళంలో ఉందని.

సైదా ఆ పూటే సెలవు పుచ్చుకున్నాడు. డోలు చర్మం మీద చెయ్యి పడకపోతే తనకు అన్నం సయించదని, పల్లెల్లో పెళ్లిళ్లు చూసుకుంటానని చెప్పాడు. "నువ్వు గూడా రా బావా," అన్నాడు. పీరా సాహెబు రాలేదు. సంక్రాంతి లోగా ఫైలు కదులుతుందని, పర్మనెంటు అవుతుందని, పైగా మౌన విద్వన్మణి బిరుదు కూడా తన పేరుమీదే నలుగుతోందని చెప్పాడు. సైదా విని డోలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సన్నాయి చిలక్కొయ్యకు ఎక్కింది. కచేరీ రోజున దిగేది, పలక్కుండా మళ్లీ ఎక్కేది. ఖాసింబీ కొన్నాళ్లు ఊరుకుంది. ఆమెకు తెల్లారగట్ల మెలకువ వచ్చేది, చెవి అలవాటు చొప్పున ఎదురుచూసేది, ఏమీ వినపడేది కాదు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగేసింది.

"ఊదేవోడు ఆపితే దాన్ని మౌనమంటారు. అసలు ఊదనోడు ఆపేదేందయ్యా?"

పీరా సాహెబుకు కోపం వచ్చింది. నీకు శాస్త్రం తెలియదన్నాడు. వెయ్యిమంది నోరు మూసుకుని తనను వింటున్నారన్నాడు.

"ఏం వింటున్నారు?" అంది ఖాసింబీ.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. దాన్ని కూడా సాధన కింద జమకట్టుకున్నాడు.

ఏడాది నిండబోతుండగా పరాంకుశరావు గారి కూతురి పెళ్లి కుదిరింది. తాను ఊరికి చెప్పింది తన ఇంట్లో చేయకపోతే ఎలా? రాష్ట్రంలోనే తొలిసారిగా మౌన మంగళవాద్యంతో వివాహం జరుగుతుందని శుభలేఖలో అచ్చు వేయించాడు. అదే వేదిక మీద పీరా సాహెబుకు బిరుదు, ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తర్వు. కల్యాణ మండపం కిటికీలన్నీ బిగించి దళసరి తెరలు దించారు. ఆడవాళ్ల గాజులకు దూది చుట్టారు. పిల్లల్నందర్నీ పై అంతస్తులో పెట్టి తలుపులేశారు. పురోహితుడు మంత్రాల సంగతి అడిగితే, పెదవులు కదిపితే చాలునన్నారు. ఆయన ససేమిరా అన్నాడు. దేవుడికి వినపడేంత మటుకు అనుమతి ఇచ్చారు. 

పెళ్లికూతురి నాయనమ్మ వర్ధనమ్మ గారు చక్రాల కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. మేళం ఏదిరా అని కొడుకును అడిగింది. అదుగో అని ఆయన పీరా సాహెబును చూపించాడు. జరీ పంచె, తలపాగా, చేతిలో సన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. ఇంకా మొదలుపెట్టలేదు గామాలు అనుకుంది ఆవిడ.

ముహూర్తం దగ్గరపడింది. మండలి సభ్యులూ రసికులూ ముందు వరసల్లో సర్దుకున్నారు. పెళ్లికొడుకు మంగళసూత్రం చేతికి తీసుకున్నాడు. పురోహితుడు పుట్టుకతో వచ్చిన అలవాటు ఆపుకోలేక చెయ్యి పైకెత్తి, "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు. పీరా సాహెబు సన్నాయి పెదాల దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నాడు. 

సూత్రం కట్టే క్షణంలో మేళం అంత గట్టిగా ఎందుకు మోగాలో మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, అశుభం మాట ఎవరి నోటినుంచి జారినా, వధూవరుల చెవిన పడకూడదు. వందమంది చేరినచోట ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. వాణ్ణి ఆపలేం, ముంచేయగలం. ఇంత చిన్న సంగతి నాదాభివృద్ధి మండలికి తట్టలేదు. 

మౌనం హాలంతా పరుచుకుంది. మచ్చలేని మౌనం, ఏ గ్రేడు. అందులోంచి వెనక వరసలో పెళ్లికొడుకు మేనమామ గొంతు స్పష్టంగా వినిపించింది. ఆయన చేలో బోరు మోటారు గురించి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. గట్టిమేళం అన్న కేక చెవిన పడగానే, అలవాటు కొద్దీ, మేళం హోరులో ఎవరికీ వినపడదన్న ధీమాతో గొంతెత్తే చెబుతున్నాడు.

"అదెన్నాళ్లుంటదిలే. ఏడాది తిరక్కుండా మూలన పడుద్ది. ఇప్పుడే వదిలించుకో."

వెంటనే ఎవరో తుమ్మారు. ఒంటి తుమ్ము.

పెళ్లికొడుకు చేతులు గాలిలో ఆగిపోయాయి. పెళ్లికూతురి కళ్లు నిండాయి. రెండువైపులా ముఖాలు మాడిపోయాయి. వియ్యపురాలు తాంబూలం పళ్లెం కింద పెట్టింది. పురోహితుడు వాచీ చూసుకున్నాడు. ముహూర్తం జారిపోతోంది. వర్ధనమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడింది, ఆవిడ లేచి నిలబడగలదని కొడుక్కి కూడా తెలియదు.

"ఊదవయ్యా నాయనా, నీకు దండం పెడతా," అంది పీరా సాహెబుతో.

పరాంకుశరావు గారికి చెమటలు పట్టాయి. సిద్ధాంతం సిద్ధాంతమే, కూతురు కూతురే. వేదిక దగ్గరికి పరుగెత్తాడు. అంత కంగారులోనూ ఆయన నోట ఆయన భాషే వచ్చింది. "పీరా సాహెబు గారూ, దీనిని ప్రత్యేక సందర్భముగా పరిగణించి తక్షణమే శబ్దము విడుదల చేయవలసినది."

పీరా సాహెబు పీకను నోట్లో పెట్టుకుని తడిపాడు. గుండెనిండా గాలి పీల్చాడు. బుగ్గలు పూరించి ఊదాడు. పెదాల పక్కల నుంచి గాలి బయటికి పోయింది. మళ్లీ ఊదాడు. ఫుస్సుమంది. మూడోసారి మెడనరాలు ఉబ్బేదాకా ఊదాడు. పీక వణికింది గానీ పలకలేదు. చేతివేళ్లు రంధ్రాల మీద సరిగ్గానే నడుస్తున్నాయి, వాటికి అన్నీ గుర్తున్నాయి. పెదాలకు ఏమీ గుర్తులేదు. జ్వరం లేదు, జబ్బు లేదు. తన చేతులతో తానే పోగొట్టుకున్నాడు. ఆయనకు అందరి ముందూ ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"కిటికీలు తెరవండ్రా," అంది వర్ధనమ్మ గారు.

పెళ్లిళ్ల రోజులు. మంచి ముహూర్తం ఒకటుంటే ఊళ్లో మండపాలన్నిటికీ అదే ముహూర్తం. తెరలు లాగి కిటికీ రెక్కలు తోసేసరికి, రోడ్డుకు అవతలి మండపంలోంచి గట్టిమేళం వరదలా వచ్చిపడింది. సన్నాయి సామాన్యంగానే ఉంది, డోలు మాత్రం పిడుగు. అది ఎవరి చెయ్యో పీరా సాహెబుకు మొదటి దెబ్బకే తెలిసింది. సైదా. ఎవరో ముక్కూమొహం తెలియని జంట కోసం సైదా వాయిస్తుంటే, ఆ అరువు మేళం మీద ఇక్కడ మూడు ముళ్లూ పడ్డాయి. అక్షింతలు లేచాయి. తుమ్మినవాళ్లు ఇంకో నాలుగు తుమ్మే ఉంటారు, ఎవరికీ వినపడలేదు.

గండం గడిచాక పరాంకుశరావు గారు మళ్లీ కార్యదర్శి అయ్యాడు. ముందు వరసలో హేమాంబ గారు కళ్లద్దాలు తుడుచుకుంటోంది. సాక్షాత్తు సభ్య కార్యదర్శి ఆజ్ఞాపించినా చెక్కుచెదరని మౌనం చరిత్రలో ఇదే మొదటిదని ఆవిడ అంటే, సభ్యులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరాంకుశరావు గారు అది విని, తాను పరీక్షించడానికే అలా ఆజ్ఞాపించానని నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టాడు. శాలువా తెప్పించి పీరా సాహెబు భుజాల మీద కప్పాడు.

"నాకు రాలేదు సార్," అన్నాడు పీరా సాహెబు. "ఊదబోయాను. రాలేదు."

"రాకపోవడమే గదండీ సిద్ధి," అన్నాడు పరాంకుశరావు గారు, భుజం తట్టి. ఉద్యోగం ఉత్తర్వు బ్రీఫ్‌కేసులో ఉందని, భోజనాలయ్యాక సభాముఖంగా ఇస్తానని, రేపట్నుంచి కళాశాలలో సన్నాయి విభాగం మొత్తానికి ఆయనే మౌనం నేర్పాలని చెప్పి, వియ్యంకుడి కోపం చల్లార్చడానికి వెళ్లాడు.

పీరా సాహెబు శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు. సన్నాయి చంకన పెట్టుకుని మెట్లు దిగి రోడ్డు దాటాడు. అవతలి మండపంలో పేరంటాళ్లు తిరుగుతున్నారు, వీడియోవాళ్లు అరుస్తున్నారు, గుమ్మం పక్కన సైదా చెమటలు కక్కుతూ వాయిస్తున్నాడు. బావను చూసి కనుబొమ్మలెగరేశాడు, చేతులు ఆపలేదు. బావ చేతిలో సన్నాయి చూశాడు, బావ మొహం చూశాడు, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. తన పక్కన చాప మీద కొంచెం జరిగాడు. పీరా సాహెబు కూర్చుని శ్రుతిపెట్టె ముందుకు లాక్కున్నాడు. సన్నాయి నేర్చుకోవడానికి కొత్తగా చేరినవాడికి మొదట అప్పజెప్పే పని అది. మెల్లగా తిత్తి లాగి శ్రుతి అందించాడు. కాసేపయ్యాక సన్నాయి తీసి, ఆ శ్రుతికి అందేలా ఆధార షడ్జం ఒక్కటి పట్టబోయాడు. చీలిపోయిన కీచు గొంతు ఒకటి వచ్చింది. డోలు హోరులో అది ఆయనకొక్కడికే వినపడింది. మళ్లీ పీక తడుపుకున్నాడు.

అప్పుడు మండలి అటెండరు రొప్పుతూ వచ్చాడు. సార్ పిలుస్తున్నారని, పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాలని, మంత్రి గారు వచ్చి కూర్చున్నారని, ఇప్పుడు రాకపోతే మళ్లీ ఈ అవకాశం ఉండదని ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచి చెప్పాడు.

పీరా సాహెబుకు ప్రతి మాటా వినపడింది.

"వినపడటంలా, నాయనా," అన్నాడు. "మేళం అయ్యాక రా."